క్షయ లేని మనిషికి క్షయ మందు

కొత్తగా డాక్టర్లయిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. నేను రిటైరైనవాణ్ణి, వినేవాళ్ళు దొరికితే ఒక పట్టాన వదలను. మొన్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఒక మందును ప్రభుత్వం ఒక జబ్బుకే ఒప్పుకుంది. కానీ వేరే జబ్బుకు కూడా పనిచేస్తుందని పెద్ద పెద్దవాళ్ళే రాస్తున్నారు. మేం రాయొచ్చా?"

రాయొచ్చంటే పూర్తి నిజం కాదు. రాయకూడదన్నా పూర్తి నిజం కాదు. నాకు గట్టిగా తెలిసింది నేను రాసిన ఒక మందు సంగతి, ఆ మందును నమ్మి ఒళ్ళప్పగించిన ఒక మనిషి సంగతి. ఆ అమ్మాయికి నోటితో చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. హైదరాబాదులో చదువు ముగించుకొని నేను మందమర్రి అవతల ఒక బొగ్గుగని డిస్పెన్సరీలో చేరాను. ఆ గని పేరు చెప్పను, ఇందులో ఎవరి పేరూ చెప్పను. రెండు గదులు, రేకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. షిఫ్టు దిగిన కార్మికులు నల్లటి ముఖాలతోనే వచ్చి వరండాలో కూర్చునేవారు. కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు. మొదటి నెల నేను ఒకరికివ్వాల్సిన మందు ఇంకొకరికి ఇవ్వకుండా కాపాడింది మా కంపౌండరే. కరీంనగర్ నుంచి వచ్చిన ముస్లిం పెద్దమనిషి, నాకంటే వయసులో చాలా పెద్ద. దగ్గు విని మనిషి ఎవరో చెప్పేవాడు. నన్ను మాత్రం మొదటి రోజు నుంచీ "డాక్టర్ సాబ్" అనే పిలిచాడు. ఆ పిలుపుకు నేను తగనేమో అన్న అనుమానం ఆయనకు ఎన్నడూ రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఆ వర్షాకాలంలో బొగ్గు నింపే కార్మికుడు ఒకడు కాలి పుండుతో వచ్చాడు. పెన్సిలిన్ ఇచ్చినా తగ్గలేదు. జ్వరం, దుర్వాసన, కాలు మోకాలిదాకా వాచింది. పెద్దాసుపత్రికి పంపితే కాలు తీసేస్తారేమోనని వాళ్ళమ్మ నా కాళ్ళ మీద పడింది. మా బీరువాలో క్షయ రోగుల కోసం పంపిన స్ట్రెప్టోమైసిన్ సీసాలున్నాయి. పెట్టెలోని కాగితంలో దాన్ని ఏ జబ్బులకు వాడాలో ఉంది. కాలి పుండు వాటిలో లేదు. అయినా పెన్సిలిన్‌తో కలిపి ఇస్తే పనిచేయొచ్చనిపించింది. ఆ తల్లీకొడుకుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పాను. ఇది ఈ జబ్బుకు రాసిన మందు కాదు, చెవి నరాన్ని దెబ్బతీయొచ్చు, ఏ కాస్త తేడా అనిపించినా వెంటనే చెప్పాలి అన్నాను. రోజూ నా చేతి గడియారం అతని చెవి దగ్గర పెట్టి టిక్కుటిక్కు వినపడుతోందా అని అడిగేవాణ్ణి. పుండు మానింది, కాలు దక్కింది.

ఆ ఒక్క కాలు నన్ను పాడు చేసింది.

లైన్లన్నింటా నా పేరు మోగిపోయింది. కార్మికుల క్వార్టర్లు వరసలుగా ఉండేవి, వాటిని లైన్లనేవారు. జ్వరంతో వచ్చినవాడూ "గా కాలుకిచ్చిన సూదే నాక్కావాలె" అనేవాడు. విరేచనాలకూ అదే, విడవని దగ్గుకూ అదే. పది మందిలో తొమ్మిది మంది ఏ మందూ లేకపోయినా బాగయ్యేవాళ్ళే. వాళ్ళు బాగైతే ఆ పేరు మందుకు వచ్చేది, మందు పేరు నాకు వచ్చేది. కంపౌండర్ సూదులు మరగబెడుతూ, "మన దవాఖానాకు మంచిర్యాల నుంచి గూడ వస్తున్నరు డాక్టర్ సాబ్" అని మురిసిపోయేవాడు. నేను వినయంగా తలవంచుకునేవాణ్ణి. అలా తలవంచుకోవడం అద్దంలో కూడా ప్రాక్టీసు చేసి ఉంటాను. గడియారం చెవి దగ్గర పెట్టడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు.

అలాంటి రోజుల్లో వచ్చాడు ఆ టింబర్ మనిషి. మెట్‌పల్లి దిక్కు పల్లె నుంచి వచ్చి గనిలో చేరినవాడు, ముప్పై దాటి ఉంటాయి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం అతని పని. కర్ర పెట్టే ముందు ఇనుపకడ్డీతో కప్పును తట్టి చూడాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది, లోపల వదులైతే డొల్లగా పలుకుతుంది. ఆ తేడా అందరికీ తెలుస్తుంది, కానీ అతనికి అందరికంటే ముందు తెలిసేదట. కప్పు కూలే ముందు సన్నగా చిటపటలాడుతుంది. దాన్నే కార్మికులు "కప్పు మాట్లాడుడు" అంటారు. అతనున్న చోట పనిచేయడానికి కార్మికులు పోటీ పడేవారని తరువాత విన్నాను. భార్య తమ్ముణ్ణి కూడా తనే తీసుకొచ్చి తన జతలో పెట్టుకున్నాడు.

అతని బాధ దగ్గు. పెద్దాసుపత్రికి పంపి ఛాతీ ఎక్స్‌రే తీయించాను, కఫం పరీక్ష చేయించాను. క్షయ లేదు. గని దుమ్ముకు వచ్చిన దగ్గే అయ్యుండాలి. దానికి నా దగ్గర మందు లేదు. ఆ ముక్క ఒప్పుకోవడానికి నాకు నామోషీ.

"అందరికి ఇస్తవు గద సారు, గా గట్టి సూది. నాకెందుకియ్యవు?" అన్నాడు అతను.

"ఇస్తా. పొద్దుమాపు వచ్చి తీసుకోవాలె, విడవొద్దు" అన్నాను.

చెవుల సంగతి చెప్పలేదు. క్షయ లేదని తెలిసి కూడా క్షయ మందు ఇస్తున్నానని చెప్పలేదు. వరండాలో అంత మంది కూర్చొని ఉన్నారు, ఆలస్యమవుతుందనుకున్నాను. నిజానికి అప్పటికి నాకే అది గుర్తు చేసుకోవాల్సిన సంగతిగా అనిపించడం మానేసింది.

కొన్ని వారాలు గడిచాయి. అతను ఒక్క పూట కూడా మానలేదు. ఒక సాయంత్రం సూది వేయించుకొని, చేయి రుద్దుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"సారు, చెవులల్ల ఏదో కూస్తున్నది. పురుగు కూసినట్టు. పండుకున్నా బందయితలేదు."

"లోపల మందుగుండు పేలుస్తరు గదా, ఆ చప్పుడుకే. పోతుంది."

"నడుస్తుంటే గూడ జర తిర్గుతున్నది సారు."

"ఉత్త కడుపుతోటి డ్యూటీకి పోతున్నవు. అంబలి తాగి పో."

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. చెవి నరం దెబ్బతింటోందని తెలియడానికి వైద్యం చదివిన ఎవరికైనా ఆ రెండు మాటలు చాలు. నేను పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. మరునాడు అతనికి మళ్ళీ సూది పడింది, నేను రాసిందే.

తరువాత ఒక ఉదయం, లోపల పనిని చూసే సర్దార్ అతని జబ్బ పట్టుకొని వరండాలోకి తెచ్చాడు. మొదటి షిఫ్టుకు దిగేవాళ్ళు, రాత్రి షిఫ్టు ముగించి పైకి వచ్చినవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు.

"చూడుండ్రి సారు, పొద్దుగాల పొద్దుగాల్నే ఏసుకొని వచ్చిండు. నడుసుడే అస్తలేదు. పిలిస్తే పలుకడు."

"నేను తాగలే సారు" అన్నాడు అతను, గోడ పట్టుకొని. "మా బాపు తాగి తాగి సచ్చిండు. నేను ముట్ట. నా బిడ్డ మీద ఒట్టు."

నేను దగ్గరకు వెళ్ళి వాసన చూశాను. ఏమీ రాలేదు. కానీ అతను తూలుతున్నాడు, సర్దార్ చూస్తున్నాడు, నా కోసం ఇంకా చాలామంది ఎదురు చూస్తున్నారు. "ఇంటికి పోయి పండుకో. రేపు తాగకుండ రా" అన్నాను, అందరికీ వినపడేలా. వరండాలో ఎవరో నవ్వారు. అతను నా పెదవుల వైపు చూస్తూ నిలబడ్డాడు. మొండితనమనుకున్నాను.

అతనికి ఒక పూట కూలి కోసి మరునాడు పనిలోకి దింపారు. ఆ వారమే జరిగింది.

మధ్యాహ్నం సైరన్ ఆగకుండా మోగింది. కంపౌండర్, నేను సంచీ తీసుకొని ఏటవాలు దారిలో లోపలికి పరుగెత్తాం. ఒక చోట కప్పు కూలింది. జరిగింది వాళ్ళు చెబితే తెలిసింది. కప్పు మాట్లాడింది. అందరూ విని వెనక్కి ఉరికారు. టింబర్ మనిషి మాత్రం కడ్డీ పట్టుకొని అక్కడే నిలబడ్డాడు. అరిచారు, కదల్లేదు. అతని బామ్మర్ది వెనక్కి పరుగెత్తి బావను నెట్టేశాడు. బావ బయటపడ్డాడు. రాయి బామ్మర్ది కాలి మీద పడింది.

నొప్పి తెలియకుండా సూది ఇచ్చి, రక్తం ఆగేలా బిగించి కట్టాను. రాయి తొలగించి, అతన్ని స్ట్రెచరు మీద పైకి మోసుకెళ్ళారు. ఆ కాలు దక్కదని అక్కడే తెలిసిపోయింది. చుట్టూ మనుషులు టింబర్ మనిషిని తిడుతున్నారు. "తాగుబోతు! తాగి దిగి బామ్మర్ది కాలు తీసినవు గదరా!" అతను ఎవరి నోరు కదిలితే వాళ్ళ వైపు తిరుగుతున్నాడు. నేను వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. తిరగలేదు. భుజం మీద చేయి వేశాక తిరిగాడు.

"సారు" అన్నాడు, అరిచినట్టుగా. తన గొంతు తనకే వినపడటం లేదు. "కప్పు మాట్లాడిందట. అందరికి ఇనపడ్డదట. నాకు ఇనపడలే."

నా తల మీది దీపం వెలుగు అతని ముఖం మీద పడుతోంది. అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైందనడం కూడా అబద్ధమే. దాచిపెట్టుకున్నది బయటపడింది.

ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి వెళ్ళి మా పెద్ద డాక్టరుకు చెప్పాను. చెడ్డవాడు కాదాయన. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మందుగుండు చప్పుడుకు చెవులు పోయినవాళ్ళు గనుల్లో ఎంతమంది లేరు? నువ్వు చెప్తే అతని చెవులు తిరిగి రావు. నీ ఉద్యోగం మాత్రం పోతుంది. ఆ సూదులు ఆపెయ్, చాలు" అన్నాడు. తిడతాడని వెళ్ళినవాణ్ణి, ఊరట పడి తిరిగి వచ్చాను.

విచారణలో మేనేజరు నన్ను సూటిగా అడిగాడు. "డాక్టర్, అతను తాగి ఉన్నాడా లేదా?"

"ముందు రోజుల్లో తూలడం చూశాను. ఆ రోజు సంగతి చెప్పలేను" అన్నాను.

నా జీవితంలో ఇంత జాగ్రత్తగా పేర్చిన వాక్యం మరొకటి లేదు. ప్రతి మాటా నిజమే. ఆ నిజమైన మాటలన్నీ కలిసి ఒక మనిషిని తాగుబోతును చేశాయి.

బామ్మర్ది కాలు మోకాలి పైదాకా తీసేశారు. అతని తల్లి మెట్‌పల్లి దిక్కు నుంచి వచ్చి, అల్లుడి గుమ్మం ముందు దుమ్మెత్తి పోసి, కొడుకును తీసుకొని వెళ్ళిపోయింది. కూతురితో కూడా మాట తెంచుకుంది. టింబర్ మనిషిని గని లోపలికి దింపడం మానేసి, పైన బొగ్గులోంచి రాళ్ళు ఏరే పనిలో పెట్టారు. దుమ్ము తగ్గింది కాబట్టి దగ్గూ తగ్గింది. ఒకనాడు అతని భార్య కొంగులో మక్కకంకులు పోసుకొని డిస్పెన్సరీకి వచ్చింది.

"మా ఆయనకు దగ్గు మంచిగయింది సారు, నీ సూదులతోనే. మందుగుండుకు చెవులు పోతే పోయినయి, పానం నిలవెట్టినవు" అంది. తరువాత గొంతు తగ్గించి, "ఆయన తాగిండంటే నాకు నమ్మబుద్ధయితలేదు సారు. కని అందరంటున్నరు. నువ్వు గూడ అన్నవు గద" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. "పిల్లలెట్లున్నరు?" అని అడిగాను. కంకులు తీసుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి, నా భార్యా పాపా నేనూ కాల్చుకొని తిన్నాం కూడా.

చలికాలం వచ్చింది. మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. జ్వరం, దగ్గు పట్టుకున్నాయి, మూడు నాలుగు రోజులైనా వదల్లేదు. నా భార్య కంగారు పడి డిస్పెన్సరీకి ఎత్తుకొచ్చింది. కంపౌండర్ పాపను నవ్విస్తూనే సూది మరగబెట్టాడు, అలవాటుగా స్ట్రెప్టోమైసిన్ సీసా తీశాడు. పెద్ద డాక్టరు ఆపమన్నాక కూడా నేను పూర్తిగా ఆపలేదని మీకు అర్థమై ఉంటుంది. టింబర్ మనిషికి ఆపాను, మిగతావాళ్ళకు తగ్గించానంతే. నేను లేచి అతని చేయి పట్టుకున్నాను.

"అది వద్దు."

"ఎందుకు డాక్టర్ సాబ్? దగ్గుకు మనం గిదే ఇస్తం గద?"

"పాపకు వద్దన్న గదా!" అన్నాను, కోపంగా.

అతను సీసాను చూశాడు, నన్ను చూశాడు. అతని ముఖంలో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అర్థం కాలేదు. "మన పాపకైతే వద్దా సాబ్?" అన్నాడు మెల్లగా.

నా భార్య కూడా నా వైపే చూస్తోంది. తలుపు వేసి వాళ్ళిద్దరికీ మొత్తం చెప్పాను. కంపౌండర్ తన చేతులు చూసుకుంటూ, "గుచ్చింది నేను సాబ్" అన్నాడు. నేను తెలిసి చేసినదానికి ఏమీ తెలియని ఆ మనిషి సిగ్గుపడుతున్నాడు. అది చూడలేకపోయాను.

ఆ ఆదివారం ఉదయం ఒక్కణ్ణే లైన్లకు వెళ్ళాను. ఇళ్ళ ముందు బొగ్గుల పొయ్యిలు రాజుకుంటున్నాయి, నల్లా దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. సెలవు కాబట్టి మగవాళ్ళందరూ అరుగుల మీదే ఉన్నారు. అతను గుమ్మంలో కూర్చొని కూతురి జడ వేస్తున్నాడు. నన్ను చూసి లేచి, మంచం వాల్చాడు. నేను లోపల కూర్చుందామని సైగ చేశాను. చిన్న గది, అతనూ భార్యా మాత్రమే. మెల్లగా మొదలుపెట్టాను.

"ఏంది సారు? గట్టిగ చెప్పు" అన్నాడు.

గొంతు పెంచాను. అతను చెవి ముందుకు పెట్టాడు. "ఇనపడ్తలేదు. వెలుతుర్లకు రా, నీ నోరన్న కనపడ్తది" అంటూ నా చేయి పట్టుకొని వాకిట్లోకి తీసుకొచ్చాడు.

గుండెలోంచి రహస్యంగా దించుకుందామని వచ్చినవాణ్ణి, నడి లైనులో నిలబడి అరవాల్సి వచ్చింది. "నేనిచ్చిన సూదులతోనే నీ చెవులు పోయినయి! నీకు క్షయ లేదు! ఆ మందు నీకియ్యొద్దు! చెవులు పోతయని నాకు తెలుసు, నీకు చెప్పలే!"

నల్లా దగ్గర మాటలు ఆగిపోయాయి. అతని భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను సగం నా పెదవుల మీద చదివి, మిగతా సగం కోసం ఆమె వైపు తిరిగాడు. "ఏమంటుండు?"

ఆమె నన్ను చూసింది. "నువ్వే మల్ల చెప్పు సారు. నేను చెప్ప" అంది.

మళ్ళీ చెప్పాను, ఒక్కొక్క మాటా విడదీసి. ఈసారి అతనికి అందింది. కొడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. అతను అడిగాడు.

"నడుస్తుంటే తూలింది గూడ గందుకేనా?"

తల ఊపాను.

"మరి తాగిన్నన్నవు గద. అందరి ముంగట." అరుగుల వైపు చేయి చూపించాడు. "చెవులు పోతే పోనీ సారు. నేను తాగలే. గా మాట చెప్పు. గట్టిగ చెప్పు, అందరు ఇనాలె."

అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. అందులో సర్దార్ కూడా ఉన్నాడు. నేను లైనంతా వినపడేలా అరిచాను. "ఇతను తాగలేదు! ఏనాడూ తాగలేదు! నేను అబద్ధం చెప్పిన!" గొంతు బొంగురుపోయింది. అతను నన్ను చూడటం లేదు. నేను అరుస్తుంటే అరుగుల మీది ముఖాలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు, ఆ మాట ఎవరెవరికి అందిందో చూసుకుంటున్నట్టు. సర్దార్ దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

మరునాడు మేనేజరుకు కూడా అదే చెప్పాను. రాజీనామా చెయ్యమన్నారు, చేశాను. తరువాత ఇచ్చోడ దిక్కు పల్లెల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. మందు పెట్టె మీది కాగితంలో లేని జబ్బుకు మందు రాయాల్సిన అవసరం అక్కడ కూడా వచ్చింది, రాశాను. రాసినప్పుడల్లా వరండా ఎంత నిండి ఉన్నా ఆ మనిషిని కూర్చోబెట్టుకొని అంతా చెప్పాను. వద్దంటే మానేశాను. మొన్న అడిగిన అమ్మాయికి నేను చెప్పగలిగే జవాబు ఇంతే. అయితే ఇదంతా నేను ఒకరి చెవులు, ఇంకొకరి కాలు ఖర్చుపెట్టి నేర్చుకున్నాను. ఈ మాట చెప్పకుండా ఆ జవాబు చెబితే అది గొప్పలు పోవడమే అవుతుంది.

రాజీనామా ఇచ్చిన రోజు సాయంత్రం టింబర్ మనిషి మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మెట్‌పల్లిల గూడ చెప్పాలె సారు. గాడ గూడ గట్టిగనే చెప్పాలె. రేపు పొద్దుగాల బస్సుకు పోదాం" అన్నాడు.

వెళ్ళాం. బస్సులు మారుతూ దారంతా పక్కపక్కనే కూర్చున్నాం, మాట్లాడుకోవడానికి లేదు. మెట్‌పల్లి దాటాక వాళ్ళ అత్తగారి పల్లెలో, ఇంటి ముందు మంచం మీద బామ్మర్ది చంకకర్ర పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. బావను చూసి ముఖం తిప్పుకున్నాడు. అత్త గుమ్మంలోకి వచ్చి తిట్టడానికి నోరు తెరిచింది. ఆమె మొదలుపెట్టేలోపే నేను చెప్పేశాను, మొదటి నుంచి చివరిదాకా, వాకిట్లో నిలబడే. ఆ పల్లె కూడా విన్నది.

బామ్మర్ది కర్ర అందుకొని లేచాడు. గెంతుతూ వచ్చి బావ ఎదురుగా నిలబడ్డాడు. పిలిస్తే వినపడదని తెలిసి, చేత్తో ఛాతీ మీద తట్టాడు. "లోపటికి రా బావా" అన్నాడు. అత్త కళ్ళొత్తుకుంటూ, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

నన్ను రమ్మనలేదు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. వాళ్ళు లోపలికి వెళ్ళాక కాసేపు ఆ వాకిట్లోనే నిలబడ్డాను. తరువాత రోడ్డు మీదకు నడిచి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాను.